మూడో గుంత

ఆ ఏడు ఉగాది, నయాపైసలు ఒక్కరోజే వచ్చాయి. చెత్త రుసుము వారం తరువాత వచ్చింది.

అది 1957. మా ఊరు ప్రొద్దుటూరికీ జమ్మలమడుగుకూ నడుమ ఉంటుంది. అప్పట్లో ఊళ్లో రెండు నూనె మిల్లులు, ఒక పత్తి జిన్నింగు మిల్లు, మద్రాసు కంపెనీ వాళ్ల తోళ్ల మండీ ఒకటి ఉండేవి. వాటి చెత్తను ఎవరికి తోచిన చోట వాళ్లు పోసేవాళ్లు. ఎక్కువ భాగం వంకలోకి పోయేది. హైదరాబాదు నుంచి ఆర్డరు వచ్చిందని పంచాయతీ బోర్డు దండోరా వేయించింది. ఇకమీదట మిల్లుల చెత్త, మండీ చెత్త ఊరికి దక్షిణాన, పులివెందుల బాట పక్కనున్న పాత నాపరాతి గుంతల్లోనే పోయాలి. బండికి ఇంతని రుసుము కట్టాలి. ఇళ్ల చెత్తకు రుసుము లేదు.

ఆ గుంతల దగ్గర కూర్చుని రుసుము తీసుకుని చీటీ రాసే పని నాకిచ్చారు. నా పేరు సీతాపతి. అప్పటికి ఏడాదిగా బోర్డులో తాత్కాలిక గుమాస్తాను. ఆషాఢం దాకా గేటు ఏ గొడవా లేకుండా నడిపితే పర్మనెంటు చేస్తామని ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు చెప్పాడు.

ఆ మాట మా ఇంట్లో రోజూ వినబడేది. మా నాన్న వేదవ్యాస శాస్త్రి పౌరోహిత్యం చేసేవాడు. రెండు కళ్లకూ పొరలు కమ్మాయి. ముందటి మాఘమాసంలో ఒక పెండ్లిలో నెయ్యిగిన్నె అనుకుని అక్షింతల పళ్లెంలో గరిటె ముంచాడు. ఎవరూ నవ్వలేదు. ఆ తరువాత ఎవరూ పిలవలేదు. ఏటా ఉగాదినాడు గుడి మండపంలో పంచాంగం చదివేది ఆయనే. ఆ ఏడు నేను చదివాను, ఆయన పక్కన కూర్చున్నాడు. నా రాశికి ఆదాయం పదకొండు, వ్యయం అయిదు అని ఉంది. అదొక్కటి రెండుసార్లు చదవమన్నాడు. నా భార్య రాధమ్మకు అప్పుడు మూడో నెల.

గేటంటే బాటనుంచి గుంతల్లోకి తిరిగే దారికి అడ్డంగా కట్టిన వెదురుకర్ర. పక్కన నాలుగు గుంజలు, పైన జింకు రేకు. రేకు కింద ఒక బల్ల, నేను. గుంతలు మూడు. ఒకటోది ఇళ్ల చెత్తకు, రెండోది మిల్లుల చెత్తకు. మూడోది మండీ చెత్తకు మాత్రమే. దాని చుట్టూ నాపరాళ్లు నిలబెట్టి కంచె వేయించారు. అందులో పోసేదానికి రుసుము రెట్టింపు. మండీ చెత్త ఎందుకు వేరుగా పోయాలో ఆర్డరులో రాయలేదు. వాసన వల్ల అనుకున్నాను. అడగలేదు.

బండి రాగానే నేను అడగాల్సిన మాట ఒకటే, ఎక్కడిది అని. మిల్లు పేరో మండీ పేరో చెప్తే చీటీలో రాసి, రుసుము తీసుకుని, కర్ర ఎత్తేవాణ్ణి. మామూలు బండికి మూడణాలు. మూడణాలంటే పద్దెనిమిదీ ముప్పాతిక నయాపైసలు. బోర్డు పంతొమ్మిది తీసుకోమంది. బండివాళ్లు పద్దెనిమిదే అన్నారు. ఆ ఒక్క పైసా కోసం రోజుకు ముప్పైసార్లు నోరు చేసుకునేవాణ్ణి. సాయంత్రం ఇంటికి పోతే మాట్లాడే ఓపిక ఉండేది కాదు. రాధమ్మ బావి దగ్గరే నీళ్లు పోసి, బట్టలు మార్చుకున్నాక లోపలికి రానిచ్చేది.

గేటుకు ఎదురుగా, బాటకు అవతల, నాగప్ప దొడ్డి. తుమ్మకంప కంచె, లోపల అరవై నాలుగు గొర్రెలు, ఒక బర్రె. దొడ్డిని ఆనుకుని రెండెకరాల చేను. నాలుగేండ్లు రాళ్లు ఏరి దాన్ని చేను చేశాడు. వాళ్ల వంశంలో మడక పట్టి దున్నిన మొదటివాడు ఆయనే. కానీ బతుకు మాత్రం మంద మీదే. సాయంత్రం ఏ రైతు పిలిస్తే ఆ రైతు చేనికి మందను తోలుకుపోయి కట్టేవాడు. తెల్లవారేసరికి చేనికి ఎరువు, నాగప్పకు గింజలు. ఊరందరి చేలకూ ఎరువు పెట్టినవాడు తన చేనికి పెట్టుకోలేకపోయాడు. సొంత చేన్లో మంద కడితే ఆ పూటకు గింజలెవరిస్తారు?

గేటు పెట్టిన మూడోరోజు వచ్చి నా బల్ల ముందర కూర్చున్నాడు. కాసేపు బండ్లను చూశాడు.

"సామీ, ఊరి పెంటంతా గుంతలో పోయించి, మళ్లా దుడ్లు గూడా తీసుకుంటాండారు. అదే నా చేన్లో పోస్తే బండికొక చెంబు మజ్జిగ నేనే ఇస్తా గదా."

"ఆర్డరు, నాగప్పా."

"ఆ ఆర్డరు రాసినాయనకు సేద్యం ఉండదులే," అని లేచిపోయాడు.

నా చేత ఎక్కువ మాట్లాడించింది దస్తగిరి. ఆయనది ఒంటెద్దు బండి. వారానికి రెండుసార్లు తోళ్ల మండీ ఊడ్చిన చెత్త తెచ్చేవాడు. మండీ మేనేజరు బాడుగ ఇచ్చేవాడు కానీ రుసుము ఇచ్చేవాడు కాదు. బాడుగలోనే అన్నీ అనేవాడట. మూడో గుంత రుసుము కడితే దస్తగిరికి సగం బాడుగ గేటు దగ్గరే పోయేది. కట్టనని మండీలో అంటే ఇంకో బండిని పిలుస్తారు. అందుకని నా దగ్గర కూర్చునేవాడు. గంటసేపు కూర్చునేవాడు. ముగ్గురు కూతుళ్ల సంగతి చెప్పేవాడు, ఎద్దు గిట్టల సంగతి చెప్పేవాడు. వెనక బండ్లు ఆగిపోయి వాళ్లు అరిచేవాళ్లు. చివరికి చెంగు ముడి విప్పి కట్టేవాడు.

చైత్రం ఆఖరువారం ఒకరోజు మధ్యాహ్నం అట్లాగే వచ్చాడు. రేకు కింద కూర్చుంటే తల కాలుతోంది. పొద్దుటినుంచి తలనొప్పి. రాధమ్మ కట్టిచ్చిన పెరుగన్నం మూట ఇంకా విప్పలేదు. దస్తగిరి ఈసారి కూర్చోలేదు. పలుపు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"చీటీ వద్దు సామీ. బండి ఈడనే ఇడిసిపెట్టి పోతాండా. ఎద్దును గూడా గుంతలో ఏసుకోండి."

ఎద్దు నోట నురగ ఉంది. దాని వెనక నాగప్ప చేను, చేని గట్టున తువ్వాల నెత్తిన వేసుకుని నాగప్ప కనబడుతున్నాడు.

"రుసుము కర్ర దాటితేనే దస్తగిరీ," అన్నాను. "నాగప్ప ఎరువు ఎరువంటున్నాడు గదా. ఆయన గట్టున పోసిపో."

దస్తగిరి నన్ను చూశాడు. పలుపు తీసుకుని బండి తిప్పాడు. నేను మూట విప్పి అన్నం తిన్నాను. సాయంత్రానికి తలనొప్పి తగ్గింది.

మర్నాడు ఈశ్వరమ్మ, నాగప్ప భార్య, ఒక చెంబు మజ్జిగ తెచ్చి బల్ల మీద పెట్టింది. బండికొక చెంబని తమ ఇంటాయన మాట ఇచ్చినాడట గదా, తాగమంది. నేను పంపినానని దస్తగిరి చెప్పాడంది. నీళ్లు కలిపి, ఉప్పేసి, కరివేపాకు నలిపిన మజ్జిగ. ఆ ఎండలో అంతకంటే ఏం కావాలి? తాగాను.

ఆ తరువాత దస్తగిరి గేటుకు రాలేదు. బాట మీద పోతూ చేయెత్తేవాడు. మర్నాడు మజ్జిగ వచ్చేది.

రెండు వారాలు తిరిగేసరికి నాగప్ప గట్టున నడుమెత్తు కుప్ప పడింది. వెంట్రుకలు, తోలు ముక్కలు, మండీ నేల మట్టి. అన్నిటికంటే ఎక్కువ ఉప్పు. తోళ్లు చెడకుండా ఉప్పు పట్టిస్తారు. అది రాలి కింద పడుతుంది, దాన్నే ఊడ్చి పారేస్తారు. పొద్దున ఎండ పడితే కుప్ప మెరిసేది.

ఆ ఉప్పును చూసి నాగప్ప ఎరువు మాట మరిచిపోయాడు. గొర్రెలకు ఉప్పు పెట్టాలి. పెట్టకపోతే మేత ఒంటబట్టదు, వానలకు జబ్బు చేస్తుంది. దొడ్డిలో వరసగా పదిహేను నాపరాళ్లు పరిచి ఉండేవి. వారానికొకసారి, రైతు చేనినుంచి మంద తిరిగొచ్చిన పొద్దున, రాయికి ఒక పిడికెడు ఉప్పు చల్లి గొర్రెలను వదిలేవాడు. అవి రాళ్లు తడిసేదాకా నాకేవి. ఆ ఉప్పు ప్రొద్దుటూరు బజారులో బస్తా లెక్కన కొనాలి. నాగప్ప చేతినుంచి ఉప్పు పడేటప్పుడు గింజ గింజా లెక్కబెట్టుకుంటాడని ఈశ్వరమ్మ అనేది.

ఇప్పుడు ఇద్దరూ కూర్చుని కుప్పలో ఉప్పును జల్లెడ పట్టారు. ఈశ్వరమ్మ వెంట్రుకలు ఏరింది. నాగప్ప చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను. మధ్యాహ్నం బండ్లు రావని నీడకోసం దొడ్డికి పోయాను.

"ఉప్పే సామీ. కొంచెం తోలు వాసన. గొర్రెకు గొర్రె వాసన ఏం జేస్తాది?"

దోసిళ్లతో రాళ్ల మీద పోశాడు. గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి.

"సూడు సామీ," అంది ఈశ్వరమ్మ. "కూరలో నేను ఉప్పు కొంచెం ఎక్కువేస్తే రెండుదినాలు అలుగుతాడు. వీటికి దోసిళ్లతో పోస్తాండాడు. మమ్మల్ని గూడా రాళ్ల మీద నాకమంటే బాగుండు."

నాగప్ప నవ్వాడు. నేనూ నవ్వాను. అట్లా మూడు వారాలు పెట్టారు. గొర్రెలు ఒళ్లు చేశాయి. నాలుగో వారం ఎప్పటికన్నా ఎక్కువ పోశాడు.

ఆ మర్నాడు పొద్దున నేను గేటుకు వచ్చేసరికి ఎదురుగా దొడ్డి తలుపు తీసి ఉంది. మంద మేతకు పోలేదు. తొట్టి చుట్టూ గొర్రెలు ఒకదాని మీదొకటి పడుతున్నాయి. నీళ్లు తాగి పక్కకు పోయి పడుకుంటున్నాయి. పడుకున్నవి లేవడం లేదు. పారుకుంటున్నాయి. ఈశ్వరమ్మ వాము కషాయం గొట్టంతో పోస్తోంది. పోసింది పోసినట్టే బయటికి వస్తోంది.

"నీళ్లకు పడిచస్తాండాయి సామీ," అన్నాడు నాగప్ప. "యాడ ఏం తిన్యాయో తెలీదు."

మధ్యాహ్నానికి పదకొండు పోయాయి. నేను బోర్డు ఆఫీసుకు మనిషిని పంపాను. మర్నాడు జమ్మలమడుగునుంచి పశువుల డాక్టరు వచ్చాడు. మేత చూశాడు, నీళ్లు చూశాడు. రాళ్ల దగ్గరికొచ్చి, మిగిలిన ఉప్పు కొంచెం కాగితంలో పోసి వాసన చూసి, ఇది ఎక్కడిదని అడిగాడు. నేను రోజూ అడిగే మాటే. నాగప్ప కుప్పను చూపించాడు. దస్తగిరిని పిలిపించారు. బండి బాటలో వదిలి పరుగున వచ్చాడు.

మండీలో తోళ్లకు ఏం పూస్తారని డాక్టరు అడిగాడు.

"పురుగు మందు పూస్తారు సారూ. ఎండలు ముదిరినాక పురుగు శానా పడుతుందని ఈ నెల్లోనే మొదులుపెట్టినారు," అన్నాడు దస్తగిరి. "తోళ్లకే పూస్తారు. ఉప్పుకు పూయరు."

"పాషాణం," అన్నాడు డాక్టరు. ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. ఈశ్వరమ్మ చేతిలో గొట్టం కింద పెట్టింది.

ఆర్డరులో లేని కారణం నాకు అప్పుడు తెలిసింది.

నాలుగు రోజుల్లో నలభై ఒకటి చచ్చాయి. మామూలుగా చచ్చిన గొర్రె తోలు వలిచి అదే మండీకి వేస్తారు. వీటిని వలవకూడదు, తినకూడదు, సున్నం వేసి లోతున పూడ్చాలన్నాడు డాక్టరు. అట్లాంటి చోటు ఊళ్లో ఒకటే ఉంది. దస్తగిరి బాడుగ అడక్కుండా బండి తెచ్చాడు. బండి బాట దాటి గేటు ముందుకు వచ్చింది. నాగప్ప పక్కన నడిచి వచ్చాడు.

రుసుముల పట్టికలో చచ్చిన పశువులు కూడా ఉన్నాయి. గొర్రెకు, మేకకు తలకు ఒక అణా. నేను కర్ర ఎత్తాను.

నాగప్ప బండి ఆపించాడు.

"చీటీ రాయి సామీ."

"వద్దులే నాగప్పా. పోనీ."

"రాయి. నలభై ఒకటి గుంతలో ఉండి నీ పుస్తకంలో లేకపోతే రేపు ఎవురు జెప్తారు జవాబు? నీ పర్మనెంటు పోతాది."

కర్ర దించాను. పుస్తకం తీశాను. అలవాటు ప్రకారం నా నోట ఆ మాట వచ్చింది.

"ఎక్కడిది?"

వచ్చాక వెనక్కి తీసుకోలేను. నాగప్ప వెనక్కి తిరిగి చూశాడు.

"ఎదురుగుండే దొడ్డిది సామీ."

అదే రాశాను. మూడో గుంతలో మండీ చెత్త పోవాల్సిన చోట నాగప్ప గొర్రెలు పోయాయి. ఆ రోజునుంచి మజ్జిగ రాలేదు. వచ్చినా తాగేవాణ్ణి కాదేమో, చెప్పలేను.

వారం తరువాత ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు విచారణకు వచ్చాడు. ఆయనది గుంటూరు వైపు. నెమ్మదిగా మాట్లాడే మనిషి. నా చీటీల పుస్తకం ముందే తెప్పించుకుని చూశాడు. చైత్రం ఆఖరునుంచి మండీ బండికి ఒక్క చీటీ లేదు. ఆ బండ్లన్నీ ఈ చేనికి వచ్చాయన్నమాట, ఎవరు పోయమన్నారని అడిగాడు. నేను ఆయన పక్కన కాగితం, కలం పట్టుకుని నిలబడ్డాను. చెప్పింది రాసుకోవడం నా పని.

దస్తగిరి నేలచూపులు చూశాడు. నాగప్ప మిగిలిన గొర్రెల వైపు చూశాడు.

"ఎవురూ చెప్పల్యా సారూ. నేనే బండికి అడ్డం పోయి తిప్పుకున్న. ఎరువని."

"ఎన్ని బండ్లు?"

"లెక్కబెట్టల్యా."

నేను నోరు తెరిచాను. ఆఫీసరు నావైపు తిరిగి, రాసుకున్నారా అండీ అన్నాడు. రాసుకున్నానన్నాను. నిజంగానే రాసుకున్నాను, ఒక్క అక్షరం పోకుండా. విచారణ అయిపోయింది. నాగప్ప దొడ్డిలోకి పోయి తలుపు వేసుకున్నాడు.

ఆ తరువాత నెల రోజులు ఎట్లా గడిచాయో పెద్దగా చెప్పడానికి లేదు. పొద్దున పోయేవాణ్ణి, సాయంత్రం వచ్చేవాణ్ణి. ఎదురుగా ఇరవై మూడు గొర్రెలు పగలంతా దొడ్డిలోనే ఉండేవి. మందు తిన్న మందని రైతులు చేలల్లో కట్టనివ్వలేదు. గింజలు రావడం ఆగిపోయింది. ఈశ్వరమ్మ నాపరాళ్ల పనికి పోతోందని దస్తగిరి చెప్పాడు. నేను ఇంట్లో తక్కువ మాట్లాడేవాణ్ణి కాబట్టి తేడా ఎవరికీ తెలియలేదనుకున్నాను. ఒకరోజు రాధమ్మ మజ్జిగ పోస్తే గ్లాసు పక్కకు జరిపాను. ఆమె గ్లాసును చూసింది, నన్ను చూసింది, తీసేసింది. మా నాన్న అరుగు మీద కూర్చుని ఆషాఢం ఎన్నాళ్లుందిరా అని అడిగేవాడు. పంచాంగం ఆయనకు నోటికి వచ్చు. నన్నెందుకు అడిగేవాడో నాకు తెలుసు.

ఆషాఢం రెండోవారంలో ఆఫీసరు పిలిచాడు. బల్ల మీద రెండు కాగితాలు ఉన్నాయి. ఒకటి టైపు చేసిన పర్మనెంటు ఆర్డరు, నా పేరున ఉంది. సంతకం ఒక్కటే తక్కువ. రెండోది అచ్చు నోటీసు, ఖాళీలు నింపాలి.

బోర్డు హద్దుల్లో ఎవరి నేలలోనైనా అనుమతి లేకుండా మండీ చెత్త పోయిస్తే, బండికి రెట్టింపు రుసుము ఆ నేల గలవాడే కట్టాలని నిబంధన. నాగప్ప తానే పోయించుకున్నానని వాంగ్మూలం ఇచ్చాడు. నోటీసు నన్ను రాయమన్నాడు ఆఫీసరు. కట్టకపోతే గొర్రెలు జప్తు చేస్తామనే వాక్యం కింద అచ్చులోనే ఉంది.

పేరు రాశాను. ఊరు రాశాను. బండ్ల సంఖ్య దగ్గరికి వచ్చాను.

"అతను లెక్క పెట్టలేదన్నాడు కదండీ," అన్నాడు ఆఫీసరు. "సుమారుగా ఇరవై అని వేయండి."

నేను పదకొండు అని రాశాను.

ఆయన వంగి చూశాడు. "పదకొండని మీకెలా తెలుసు?"

"బండికొక చెంబు మజ్జిగ వచ్చేదండీ. పదకొండు తాగాను."

"మీకెందుకు వచ్చేది?"

"ఆ బండ్లు పంపింది నేను."

ఆయన కలానికి మూత పెట్టాడు. కిటికీ బయట ఎవరో సైకిలు చైను బిగించుకుంటున్నారు. ఆయన లేచి కిటికీ రెక్క వేసి వచ్చాడు.

"ఆ మాట నేను వినలేదనుకోండి," అన్నాడు. "ఇంకో నోటీసు తీసుకుని ఇరవై అని రాసి ఇంటికి వెళ్లండి. మీ నాన్నగారికి చూపు లేదటగా."

"లేదండీ."

"మరి?"

నోటీసులో కింద, అనుమతి ఇచ్చినవారు అని ఒక గీత ఉంటుంది, అక్కడ పేరుంటే రుసుము నేల గలవాడి మీద పడదు. దాని మీద నా పేరు, హోదా రాసి ఆయన ముందుకు జరిపాను. హోదా అంటే తాత్కాలిక గుమాస్తా.

ఇంటికి వచ్చేసరికి మా నాన్న అరుగు మీదే ఉన్నాడు. కూర్చుని మొత్తం చెప్పాను. గేటు, దస్తగిరి, మజ్జిగ, నోటీసు, అన్నీ. రాధమ్మ గడప దగ్గర నిలబడి విన్నది. చెప్పడం అయ్యాక మా నాన్న చాలాసేపు వేళ్లు లెక్కబెట్టాడు.

"ఆదాయం పదకొండని చదివితివి గదరా," అన్నాడు. "పదకొండు చెంబులు. పంచాంగం తప్పలేదు."

రాధమ్మ నీళ్ల చెంబు తెచ్చి నా ముందర పెట్టింది. "రాసినారు గదా. లేచి కాళ్లు కడుక్కోండి."

నాగప్ప మీద నోటీసు రద్దయింది, నా పని పోయింది. పదకొండు బండ్ల రుసుము నా ఆఖరి జీతంలో పట్టుకున్నారు. ఆ సంగతి నేనే చెప్పాలని దొడ్డికి పోయాను. నాగప్ప నాపరాళ్లను ఒక్కొక్కటి పెకలించి బోర్లా వేస్తున్నాడు. నోటీసు రాదన్నాను. ఎందుకు రాదని అడిగాడు. చెప్పాను.

రాయిని వదిలేసి లేచాడు. నేను అనుకున్నది వేరు. ఆయన ముఖంలో ఉన్నది కోపం.

"అరవై ఏండ్లొచ్చినాయి నాకు. ఆఫీసరు ముందర ఒక్కటంటే ఒక్క అబద్ధం ఆడినా. దాన్ని గూడా నిలబెట్టనీయకపోతివి గదా సామీ."

"నీ గొర్రెలు జప్తు చేస్తారు నాగప్పా."

"నలభై ఒకటి ఎట్లాగూ పాయె. ఇరవై మూడు పోతే ఏమాయె, కూలికి పోతా. నీకు కూలి చేసే ఒళ్లుందా? గుడ్డి నాయన, కడుపుతో ఉండే ఆడమనిషి. ఒక పొయ్యి ఆరిపాయె, ఇంకొకటైనా వెలుగుతాదని ఆడినా."

నేను నిలబడి ఉండగానే మిగిలిన రాళ్లన్నీ బోర్లా వేశాడు.

రాధమ్మ మేనమామ పులివెందులలో కట్టెల అడితి నడిపేవాడు. రమ్మన్నాడు. శ్రావణం మొదటివారంలో దస్తగిరి బండిలో సామాను వేసుకుని బయలుదేరాం. పెద్ద సామాను ఏమీ లేదు. రెండు పెట్టెలు, ఇత్తడి గిన్నెలు, పంచాంగాల కట్ట, చాపలు. వాటి మీద మా నాన్న, రాధమ్మ కూర్చున్నారు. నేను నడిచాను.

పులివెందుల బాట గేటు పక్కగానే పోతుంది. మా సంగతి జరిగిన తరువాత బండ్లు పక్క చేలల్లోకి మళ్లకుండా వెదురుకర్రను బాట మధ్యకు జరిపించారు. ఇప్పుడు ఏ బండైనా దాన్ని దాటే పోవాలి. కొత్త గుమాస్తా కర్ర మీద చేయి వేసి లేచాడు. నన్ను ఎరగడు.

"ఎక్కడిది?" అన్నాడు.

దస్తగిరి నావైపు చూశాడు.

"ఇంటిది," అన్నాడు దస్తగిరి. "రుసుము లేదు."

గుమాస్తా వచ్చి చాప కొస ఎత్తి చూశాడు. ఎవరురా అది అని మా నాన్న అడిగాడు. గేటు నాయనా అన్నాను. ఓహో అని కాళ్లు ముడుచుకున్నాడు.

ఆ సమయానికి నాగప్ప బాట అవతలినుంచి వచ్చాడు. చేతిలో కర్ర, వెనక ఇరవై మూడు గొర్రెలు. కొండ వైపు మేతకు పోతున్నట్టున్నాడు. రెండు వారాల తరువాత నా ముందర నిలబడ్డాడు.

"పులివెందుల్లో ఏం పని?"

"కట్టెల అడితిలో. బండి లెక్కన చీటీలు రాయాలి."

"మళ్లా చీటీలేనా?" అన్నాడు. తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. బండి మీద మా నాన్నను చూశాడు, రాధమ్మను చూశాడు. తరువాత గొర్రెలను అదిలించి, పోతూ పోతూ అన్నాడు.

"ఈసారి ఎవురన్నా నీ కోసరం అబద్ధమాడితే గమ్మునుండు సామీ."

గుమాస్తా కర్ర ఎత్తాడు.